కులపతిగారు మాట్లాడని సాయంత్రం

వెనకటికి ఓ రాజ్యంలో పెద్ద విద్యాపీఠం ఉండేది. అక్కడ జరగబోయే ఉపన్యాసాలనూ ఉత్సవాలనూ డప్పు కొట్టి ఊరంతా చాటడం ఎల్లమందయ్య పని. పెళ్లాం పోయాక ఇంట్లో పలకరించే దిక్కులేక, తను చాటిన ప్రతి ఉపన్యాసానికీ తనే వెళ్లి వెనక కూర్చునేవాడు. కులపతి విరూపాక్షశాస్త్రి మాట్లాడే రోజున మాత్రం అతని ముందు ఒక్క తలకాయా కనబడేది కాదు.

ఓ రోజు శాస్త్రికి ఒళ్లు మండింది. "నీ డప్పు ఎవరి చెవినా పడటం లేదు. అందుకే జనం రావడం లేదు. ఇక నువ్వు మానెయ్!" అన్నాడు.

"చిత్తం స్వామీ. ఈ ఒక్కసారికి చాటనివ్వండి. తప్పు డప్పుదే అయితే రేపూ ఎవరూ రారు" అని ఎల్లమందయ్య బజారుకెళ్లాడు.

"రేపు సాయంత్రం కులపతిగారు మాట్లాడరహో! మీరు చెప్పేది వింటారహో!"

మర్నాడు మండపం కిక్కిరిసింది. అంతమంది ఎదుట కోప్పడలేక శాస్త్రి నోరు మూసుకుని కూర్చున్నాడు. ఒకామె తప్పిపోయిన మేక గురించి చెప్పింది. ఓ ముసలాయన చిన్ననాటి వరద తలుచుకుని కళ్లు తుడుచుకున్నాడు. చీకటి పడేసరికి అందరూ గుండె బరువు దించుకుని వెళ్లిపోయారు.

"డప్పు బాగానే వినబడుతోందయ్యా" అని ఒప్పుకుంటూ శాస్త్రి లేచాడు. "రేపూ నువ్వే చాటు. అవునూ, నువ్వేం చెప్పుకోలేదే?"

ఎల్లమందయ్య డప్పు ఒళ్లో పెట్టుకుని నిమిరాడు.

"ఈ ఊళ్లో నా గొంతు తెలియనివాళ్లు లేరు స్వామీ. నా మాటే ఎవరూ అడగలేదు."

లేచినవాడల్లా శాస్త్రి మళ్లీ కూర్చున్నాడు.