చేపల కోసం పోలయ్య పస్తు

అనగనగా ఒక ఏరు, ఆ ఏట్లో ఒక మడుగు, మడుగు గట్టున ఒక ఊరు. ఎప్పటి మాటంటే మా అవ్వకి చెప్పిన అవ్వకే తెలీదు, నన్నడక్కండి.

గంగమ్మ తల్లి తమ ఆడపడుచని ఆ ఊరివాళ్ళ నమ్మకం. ఆమె నీళ్ళలో కాపురముండే చేపలు కాబట్టి ఊరికి అల్లుళ్ళు. అల్లుళ్ళ మీద ఎవరైనా వల వేస్తారా? అవి నాచు గీరుకుని, పురుగుల్ని పట్టుకుని, గట్టు మీది మేడిపళ్ళు రాలితే మింగి హాయిగా బతికేవి.

ఒక ఏడు పంటలు విరగపండాయి. ఊరిపెద్ద భార్య వీరమ్మకి సిగ్గేసింది. అల్లుళ్ళు నాచు తినడమేమిటి, ఊరి పరువు పోదా అంది. అటుకులు పోశారు, చేపలు తిన్నాయి. అరిసెలు వేశారు, చేపలు తిన్నాయి. నేతి పులగం కుమ్మరించారు. మిగిలింది అడుగున కుళ్ళి, నీళ్ళు చిక్కబడి కంపు కొట్టాయి. తెల్లారేసరికి చేపలన్నీ పైకొచ్చి నోళ్ళు తెరిచాయి.

పాపం ఆకలని ఇంకాస్త పోశారు. కొన్ని చచ్చి వెల్లకిలా తేలాయి. దిష్టి తగిలిందని ఇంకాస్త పోశారు.

రేవులో పడవ నడిపే పోలయ్యకి మాత్రం రోజూ పండగే. మెట్ల మీద పడ్డదంతా అతనిదే. ఊళ్ళో అంత తిండిపోతు లేడు. ఒకనాడు పెళ్ళిభోజనం చేసొచ్చి, ఊపిరాడక పడవలో పడి నోరు తెరిచాడు. పెళ్ళాం సూరమ్మ చూసింది.

"ఆకలేస్తందా మావా?" అని నోట్లో బూరె పెట్టింది.

పోలయ్య తేలేసిన కళ్ళతో పక్కకి తిరిగాడు. పడవ పక్కనే ఒక చేప, అదీ నోరు తెరుచుకుని ఉంది. అది అడుగుతున్నది కూడు కాదు, ఊపిరని అతనికి అప్పుడు తెలిసింది. ఇన్నాళ్ళూ దాని ఎంగిలి మెతుకులు తిన్నందుకు ఏడుపొచ్చింది.

మర్నాడు రేవుకి అడ్డంగా నిలబడి తిండి ఆపమన్నాడు. తిండిపోతు పథ్యం చెబుతున్నాడని నవ్వారు. బతిమాలాడు, నవ్వారు. దణ్ణం పెట్టాడు, ఇంకా నవ్వారు.

"అల్లుళ్ళు అలిగారమ్మా" అన్నాడు చివరికి.

నవ్వులు ఆగిపోయాయి. ఆ ఊళ్ళో అల్లుడు అలకపాన్పు ఎక్కితే, కోరింది ఇచ్చేదాకా విస్తరి వెయ్యరు.

"ఏం కావాలంట?" అంది వీరమ్మ.

"కొత్తనీరు. అదొచ్చేదాకా మెతుకు ముట్టరంట."

"మరి నువ్వో?"

పోలయ్య పొట్ట నిమురుకున్నాడు. "వాళ్ళతోపాటే నేనూ అలిగాను తల్లీ."

ఆ రోజు నుంచి మడుగులో ఎవరూ మెతుకు వెయ్యలేదు. ఆ వేసవి ఎంత పొడుగో పోలయ్యకే తెలియాలి. ఇంట్లో గంజి తప్ప దిక్కు లేదు. అలక నిజమో కాదో చూద్దామని వీరమ్మ వేడి పులగం గిన్నె అతని ముక్కు ముందు నుంచే పట్టుకుపోయేది. అతను ముక్కు మూసుకునేవాడు. మేడిపండు దొరికితే సగం తను తిని, సగం మడుగులో వేసేవాడు.

ఆఖరికి వానలొచ్చాయి. ఏరు పొంగి కుళ్ళంతా కొట్టుకుపోయింది. బతికిన చేపలు లోతుకి దిగి, రాళ్ళమీది నాచు గీరుకోసాగాయి. పోలయ్య మెట్ల మీద కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

చాలా ఏళ్ళకి ముసలితనంతో పోయాడు. అతని పిండం కూడా ఆ మడుగులో వెయ్యడానికి ఎవరికీ చేతులు రాలేదు, కాకులకే పెట్టారు.

ఇప్పటికీ ఆ రేవుకి వెళ్ళినవాళ్ళు చేపలకి ఖాళీ చేతులు చూపించి దణ్ణం పెడతారు. ఆ ఊరి ఇళ్ళల్లో అత్తగారు మళ్ళీ బూరెలు వడ్డించబోతే, కొత్తల్లుడు వద్దని కూడా అనడు. ఊరికే నోరు తెరిచి చూపిస్తాడు. "అయ్యో పోలయ్యా" అనుకుంటూ ఆవిడ పళ్ళెం వెనక్కి తీసుకుంటుంది.