పసిబిడ్డకు పాల వేళ, నలుగురికి కుళాయి గోల

మా రేగులపాడు ఆసుపత్రిలో పసిపిల్లల గది ఉంది. అందులో నలుగురు పనివాళ్ళు: పైడితల్లి, గంగరత్నం, అప్పలకొండ, సన్యాసి. తెలివంటే తమదేనని నలుగురికీ మహా గర్వం. "చెప్పింది చెప్పినట్టు చేస్తాం. అంతకన్నా తెలివేం కావాలి?" అనేది పైడితల్లి. మిగతా ముగ్గురూ తలలూపేవారు. ఆ తలల్లో ఊగడానికి చోటు బోలెడు లెండి!

ఓ పొద్దున హెడ్ సిస్టరు సలోమమ్మగారు వాళ్ళని పిలిచారు.

"నూకాలు కూతురు రెండు కిలోలు కూడా లేదు. పాల వేళయింది, తల్లి దగ్గరికి తీసుకురండి. ముందు సబ్బుతో చేతులు కడుక్కోండి. కడిగిన చేత్తో కుళాయి ముట్టకండి, పక్కవాళ్ళని కట్టెయ్యమనండి. ఆ తర్వాత పిల్లని తప్ప దేన్నీ ముట్టుకోవద్దు. ఆలస్యం చెయ్యకండి, అంత చిన్నపిల్ల ఆకలికి ఆగలేదు."

"అలాగే సిస్టరుగారూ!" అన్నారు నలుగురూ.

పైడితల్లి వరండాలో చేతులు కడుక్కుంది. అప్పలకొండ కుళాయి కట్టాడు.

"ఒరే, కుళాయి ముట్టావు. నీ చెయ్యి పాడైంది, కడుక్కో" అంది పైడితల్లి.

వాడు కడుక్కున్నాడు, గంగరత్నం కట్టింది. గంగరత్నం కడుక్కుంది, సన్యాసి కట్టాడు. సన్యాసి కడుక్కున్నాడు. మరి కట్టేదెవరు? పైడితల్లి కట్టింది. ఇంకేముంది, ఆవిడ చెయ్యి పాడైంది! మళ్ళీ మొదలు. అలా మూడు చుట్లు తిరిగారు. కొత్త సబ్బు కాస్తా చింతపిక్కంత అయింది.

లోపల పిల్ల కేరుమంది.

"వస్తున్నామే తల్లీ! నీకోసమే కదా ఈ తిప్పలు!" అని కేకేసింది గంగరత్నం.

సన్యాసికి మెరుపులాంటి ఆలోచన వచ్చింది. "అసలు కుళాయి కట్టకపోతే?"

"ఓరి నీ బుర్ర బంగారం కానూ!" అని అక్కడికక్కడే మురిసిపోయారు. నీళ్ళు అలా వదిలేసి, తువ్వాలు ముట్టకూడదు కాబట్టి చేతులు గాల్లో ఆడించుకుంటూ పిల్ల గది దగ్గరికి వెళ్ళారు.

తలుపు వేసి ఉంది. తలుపుని ముట్టుకోవచ్చని సిస్టరుగారు చెప్పలేదే! అంతే, ఎనిమిది చేతులూ పైకెత్తి అలాగే నిలబడ్డారు.

"లోపల ఎవరున్నారు?" అన్నాడు అప్పలకొండ.

"పిల్ల ఉంది కదరా."

"అయితే ఆవిడే తీస్తుంది. ఏమమ్మా, కాస్త తలుపు తియ్యి!"

పిల్ల ఇంకా గట్టిగా ఏడ్చింది.

"చూశావా, ఈ కాలం పిల్లలకి పెద్దలంటే లెక్కేలేదు" అంది పైడితల్లి.

ఆ ఏడుపు విని సలోమమ్మగారు పరుగున వచ్చారు. తలుపు తీశారు, చేతులు శుభ్రం చేసుకున్నారు, పిల్లని ఎత్తుకెళ్ళి నూకాలు ఒళ్ళో పెట్టారు. పిల్ల గబగబా పాలు తాగుతుంటే నూకాలుకి కళ్ళనీళ్ళు ఆగలేదు.

"చేతులు కడుక్కోమన్నది పిల్ల బాగుండాలని! పిల్లని మాడ్చి చంపమని కాదు!" అని సిస్టరుగారు దులిపేశారు.

నలుగురూ చేతులు ఇంకా ఎత్తుకునే వచ్చి మంచం చుట్టూ మూగారు. అప్పలకొండకి ముద్దొచ్చి వంగాడు. పిల్ల ఠక్కున వాడి వేలు పట్టేసుకుంది.

"అయ్యో అయ్యో! ఈవిడ చేతులు కడుక్కోకుండానే భోజనానికి కూర్చుంది! నా వేలు పాడుచేసేసింది!" అని గగ్గోలు పెట్టాడు వాడు.

"నోర్ముయ్! కదిలావంటే ఊరుకోను. దాన్ని తాగనీ!" అన్నారు సిస్టరుగారు.

పాపం వాడికి ప్రాణసంకటం. వేలు కడుక్కోవాలి, కాలు కదపకూడదు. మిగతా ముగ్గురూ మొహమొహాలు చూసుకున్నారు. అంతే, వరండాలోకి ఒకటే పరుగు. దబదబమని చప్పుడైంది. కాసేపటికి ముగ్గురూ నిలువునా తడిసి వచ్చారు. వెనకాలే వరండా నిండా నీళ్ళు. సన్యాసి చేతిలో గోడనుంచి ఊడబెరికిన కుళాయి!

సన్యాసి దాన్ని అప్పలకొండ వేలిమీద పెట్టి అటూ ఇటూ తిప్పాడు. చుక్క రాలేదు.

"ఓరి తెలివితక్కువ వెధవల్లారా! తెచ్చేటప్పుడు ఎవర్రా కట్టేశారు?" అన్నాడు అప్పలకొండ.