తూర్పున రెండు జెండాలు

శరభయ్య గారిని ఏదైనా అడిగితే జవాబు చెప్పరు, పని చెబుతారు. ఆయన దగ్గర చదువుకున్న వాళ్ళందరికీ ఇది అనుభవమే. శ్రీకాకుళం వైపు మనిషి. మంచు గురించి ముప్పై ఐదేళ్ళు పాఠాలు చెప్పారు. దక్షిణ ధ్రువం వైపు మనవాళ్ళ దళాలు వెళ్తే ఐదుసార్లు వాటికి నాయకుడిగా వెళ్ళారు. ఆఖరిసారి వెళ్ళినప్పుడు శిష్యుడు సింహాద్రిని వెంటబెట్టుకున్నారు. సింహాద్రికి అప్పటికి ముప్పై నిండలేదు. తెలివైనవాడు, ఆ సంగతి తనకే కాస్త ఎక్కువగా తెలిసినవాడు.

వాళ్ళు దిగిన మంచునేలకి పెట్టిన పేరు ఒక నార్వే రాణిది. చుట్టూ కొండలకీ లోయలకీ కూడా నార్వే పేర్లే, మన నోరు తిరగనివి. ఒకరోజు సింహాద్రి పటం మీద వేలు పెట్టి అడిగాడు.

"సార్, వందేళ్ళు దాటినా వీళ్ళ పేర్లు చెరగలేదు. వీళ్ళకంటే పెద్ద దేశాల వాళ్ళు కూడా వచ్చారు కదా! వీళ్ళలో అంత ఏముంది? మన పేరు కూడా అలా నిలవాలంటే ఏం చెయ్యాలి?"

ప్రశ్నలో మొదటి సగం నార్వే వాళ్ళ గురించి, రెండో సగం తన గురించి. ఆ తేడా శరభయ్య గారి చెవిన పడకపోలేదు.

"రేపు నామ్‌గ్యాల్‌తో వెళ్ళి డిపో పెట్టి రా" అన్నారాయన.

డిపో అంటే తిరుగుదారిలో పనికొస్తాయని తిండి, పొయ్యి, కిరసనాయిలు, ఒక డేరా మంచులో పాతి పెట్టే చోటు. నామ్‌గ్యాల్ దళంలో మంచుబండి నడిపేవాడు. లద్దాఖ్ మనిషి, నలభై దాటినవాడు, ఎవరికీ ఎదురు చెప్పడు. డిపో ఒక్కటే పెడితే చాలదన్నారు శరభయ్య గారు. దారికి అడ్డంగా, డిపోకి తూర్పున పది, పడమట పది జెండాలు పాతాలి. అర కిలోమీటరుకి ఒకటి చొప్పున. ప్రతి గుడ్డ మీదా ఒక అంకె, డిపో ఎటుందో చూపిస్తూ ఒక బాణం.

"నార్వే వాళ్ళు ఇలాగే పాతేవారయ్యా. అంత దూరం వెళ్ళి తిరిగొచ్చేవాడు సూటిగా వస్తాడని వాళ్ళు అనుకోలేదు. అటో ఇటో అయిపోతాడు. డిపో కనబడదు, కానీ ఏదో ఒక జెండా కనబడుతుంది."

సింహాద్రికి నవ్వొచ్చింది. "ఇప్పుడు ఉపగ్రహాలున్నాయి కదా సార్! ఎక్కడ నిలబడ్డామో అడుగు తేడా లేకుండా చెబుతాయి."

"చెబుతాయి. నువ్వు మాత్రం ఇరవై పాతు" అన్నారు.

మర్నాడు నామ్‌గ్యాల్ డిపో గొయ్యి తవ్వుతుంటే సింహాద్రి కాళ్ళకి స్కీలు, మంచు మీద జారే పలకలు, కట్టుకుని జెండాలతో బయల్దేరాడు. పడమట పదీ శ్రద్ధగానే పాతాడు. పోనూ రానూ పది కిలోమీటర్లు. అప్పటికే తొడలు పట్టేశాయి. తూర్పుకి తిరిగేసరికి గాలి ముఖాన కొట్టడం మొదలెట్టింది. రెండు పాతాడు. మూడోది చేతిలో పట్టుకుని కాసేపు నిలబడ్డాడు. ఈ కాలంలో ఎవడు చూడొచ్చాడు దీన్ని, ముసలాయన చాదస్తం కాకపోతే, అనుకున్నాడు. మిగిలిన ఎనిమిదీ అక్కడే మంచులో కప్పెట్టి, ఆ ఎనిమిదీ పాతేంత సేపూ మంచుదిబ్బ చాటున కూర్చుని, వెనక్కొచ్చాడు.

"అన్నీ అయ్యాయా భాయ్?" అని అడిగాడు నామ్‌గ్యాల్.

"అయ్యాయి."

దినచర్య పుస్తకంలో ఇరవై అని రాశాడు. రాస్తున్నప్పుడు చెయ్యేమీ వణకలేదు. తర్వాత చాలాకాలం వాణ్ణి ఎక్కువ బాధపెట్టిన విషయం అదే.

పన్నెండు రోజులకి శరభయ్య గారితో కలిసి ముగ్గురూ దక్షిణాన కొలతల పని ముగించుకుని తిరిగొస్తున్నారు. డిపో ఇంకా తొమ్మిది కిలోమీటర్లుందనగా మంచుబండి కింద నేల విరిగింది. ముగ్గురూ దూకి బతికారు. బండి, దాని వెనక కట్టిన సామాను, డేరా, రేడియో, దారి చూపే యంత్రం, అన్నీ పగులులోకి జారిపోయాయి. మిగిలినవి కాళ్ళకి స్కీలు, ఒక నీళ్ళ సీసా, నామ్‌గ్యాల్ మెడలోని దిక్సూచి. ఆకాశమూ నేలా ఒకే తెలుపులో కలిసిపోయాయి. మూడువందల గజాల అవతల ఏనుగు నిలబడ్డా కనబడదు. పాత జాడ ఎప్పుడో పూడిపోయింది. డిపో దొరికితే బతుకు, లేకపోతే లేదు. అది ఒకరికొకరు చెప్పుకోనక్కర్లేదు.

నామ్‌గ్యాల్ ముందు నడిచాడు. మందపాటి తొడుగుతో దిక్సూచి తిప్పడం కుదరదని కుడిచేతికి పల్చటిది వేసుకున్నాడు. మూడు గంటలు నడిచారు. శరభయ్య గారు ఆగి, అడుగుల అంచనా మనసులో వేసుకుని అన్నారు.

"జెండా ఒక్కటీ తగల్లేదు. అంటే జెండాల గీత దాకా ఇంకా రాలేదన్నమాట. ఇరవై జెండాలు, పది కిలోమీటర్ల పొడుగు. అంత గీతని చూడకుండా దాటలేం. ముందుకే పదండి."

అందులో తప్పేమీ లేదు, తూర్పున పది జెండాలు ఉంటే. లేవన్న సంగతి ఆ మంచు మొత్తం మీద ఒక్కడికే తెలుసు.

సింహాద్రి లోపల లెక్కలు వేసుకుంటూ నడిచాడు. పడమట వైపుకే వచ్చి ఉండొచ్చుగా, ఇంకో వంద గజాల్లో జెండా కనబడుతుందేమో, కనబడితే ఎవరికీ ఏమీ చెప్పే పనే ఉండదు. ఇలా వంద గజాలు, మరో వంద గజాలు. దేవుణ్ణి మొక్కుకున్నాడు కూడా. ప్రాణాలు దక్కించమని కాదు, తన అబద్ధం బయటపడకుండా చూడమని. ఆ మొక్కు తలుచుకుంటే ఇప్పటికీ వాడు సిగ్గుతో చచ్చిపోతాడు. అరగంటకోసారి శరభయ్య గారు ఆగడం, ఇంకా రాలేదు, ముందుకే అనడం, ముందు నామ్‌గ్యాల్, ఆ వెనక ఆయన, ఆ వెనక తను. ఆ డెబ్బై ఏళ్ళకి దగ్గరపడిన మనిషి తన రాతని నమ్మి, అడుగు వెనక అడుగు వేస్తూ, చావు వైపు నడుస్తున్నారు. వెనక నుంచి చూస్తూ గంటన్నర నడిచాడు సింహాద్రి.

నామ్‌గ్యాల్ నీళ్ళ సీసా తీశాడు. మూత తిప్పబోయాడు. తిరగలేదు. మళ్ళీ తిప్పబోయాడు. తన చేతిని తనే వింతగా చూసుకుని నవ్వాడు.

"ఎవరివో వేళ్ళు తగిలించినట్టుంది భాయ్. కాస్త నువ్వు తియ్యి" అని సింహాద్రికి అందించాడు.

సింహాద్రి సీసా అందుకోలేదు. "సార్, తూర్పున రెండే ఉన్నాయి" అన్నాడు.

శరభయ్య గారు తిరిగి చూశారు. ఎందుకని అడగలేదు. తిట్టలేదు. నామ్‌గ్యాల్ చేతిని తన కోటు లోపలికి లాగి చంకలో పెట్టుకుని, "ఎక్కడిదాకా?" అని మాత్రం అడిగారు. సింహాద్రి చెప్పాడు. పడమట పదీ ఉన్నాయి కనక గీతని తూర్పు కొసకి అవతల దాటేశామని ఆయన లెక్క వేసుకుని, వచ్చిన దారికి పడమరగా ఏటవాలున మళ్ళించారు. రెండు గంటల తర్వాత నల్లగుడ్డ కనబడింది. దాని మీద రెండు అని అంకె, పక్కన బాణం, సింహాద్రి చేతిరాతే. దాన్ని చూసి నామ్‌గ్యాల్, "శభాష్ భాయ్!" అన్నాడు. ఎగతాళికి కాదు. నిజంగానే అన్నాడు.

బాణం పట్టుకుని వెళ్తే డిపో దొరికింది. అక్కణ్ణుంచి స్థావరానికి చేరాక డాక్టరు నామ్‌గ్యాల్ కుడిచేతి చిటికెన వేలూ ఉంగరం వేలూ తీసేశాడు. ఒక గంట ముందు వేడి తగిలి ఉంటే నిలిచేవేమోనని మామూలుగానే అన్నాడు. డాక్టరుకి విషయం తెలియదు. నామ్‌గ్యాల్ సింహాద్రిని ఒక్క మాట అనలేదు. రోజూ పొద్దున్నే బూట్లు విడిచే గదిలో కాలు ముందుకి చాపి, "కట్టు భాయ్" అనేవాడు. సింహాద్రి నేల మీద కూర్చుని అతని బూట్ల తాళ్ళు కట్టేవాడు. నామ్‌గ్యాల్ తన కూతురి చదువు గురించి, ఊళ్ళో ఆప్రికాట్ తోట గురించి చెబుతూ ఉండేవాడు. తిట్టినా బాగుండుననిపించేది సింహాద్రికి.

వారానికి శరభయ్య గారు పిలిచి, జరిగినదానికి నివేదిక పంపాలన్నారు. "నువ్వే రాయి."

సింహాద్రి రెండు రోజులు కూర్చుని మూడు పేజీలు రాశాడు. జెండాలు కప్పెట్టడం రాశాడు. ఇరవై అని అబద్ధం రాయడం రాశాడు. ఇందుకు పూర్తి బాధ్యత తనదేనన్నాడు, ఏ శిక్షకైనా సిద్ధమన్నాడు. రాస్తూ రాస్తూ మనసు తేలికపడింది. నిజం చెప్పాలంటే చివరికి కాస్త గర్వంగా కూడా అనిపించింది, ఇంత దాపరికం లేకుండా ఎవడు రాస్తాడని. గీత దాటాక నడిచిన నడక మాత్రం ఒక్క వాక్యంలో అయిపోయింది: గీత దాటి వచ్చామని గుర్తించి వెనుదిరిగాము. తీసుకెళ్ళి ఇచ్చి, ఎదురుగా చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

శరభయ్య గారు కళ్ళజోడు పెట్టుకుని మొదటి పేజీ చదివారు, రెండోది చదివారు. మూడో పేజీ సగంలో ఆయన వేలు ఆగింది. అక్కడ, అతిశీతలం కారణంగా నామ్‌గ్యాల్ రెండు వేళ్ళు కోల్పోయాడు, అని ఉంది.

ఆయన కాగితాలు మడిచి సింహాద్రి చేతిలో పెట్టారు.

"ఆవేళ చలి మన ముగ్గురికీ ఒక్కటే కదయ్యా సింహాద్రీ" అన్నారు.