విమానానికి వాడేసిన నూనె

శేషఫణికి నూనె చాలలేదు.

కొండమీది మఠంలో వంటశాల పెత్తనం అతనిదే. వంటకు వాడేసిన నూనె ఇస్తే దాంతో విమానాలకు ఇంధనం చేస్తామని, ఆకాశానికి కొంత పొగ తప్పుతుందని పట్నంలో ఒక కంపెనీ వాళ్ళు చెప్పారు. మంచి పనే. ఉత్సవాల్లో మిగిలింది ఇస్తే సరిపోయేది. శేషఫణి మాత్రం పౌర్ణమికల్లా పది డ్రమ్ములు ఇస్తానని వాళ్ళ సభలో మాట ఇచ్చి వచ్చాడు. మఠమంతా ఊడ్చి పిండినా అర డ్రమ్ము తేలలేదు.

దాంతో భక్తులు అన్నదానానికి తెచ్చిన వేరుశనగ నూనె మొత్తం బాణలిలోకి వెళ్ళింది. తెల్లవారింది మొదలు గారెలే గారెలు. అవన్నీ గుచ్చితే చందమామకు దండ వేయగా ఇంకో రెండు బుట్టలు మిగిలేవి. ఊళ్ళో కుక్కలు సైతం గారె కనిపిస్తే గోడ దూకి పారిపోయేవి. పప్పులో పోపుకు మాత్రం చుక్క నూనె లేదు.

వంట చేసే మాణిక్యమ్మ గరిటె పట్టుకునే గురువు పరదేశయ్య దగ్గరికి వెళ్ళింది. ఆవిడ పక్కన ఎసరు పెడితే పొయ్యి లేకుండానే అన్నం ఉడికేటంత కోపంతో ఉంది. యాత్రికులు పోపులేని పప్పు తిని దిగిపోతున్నారని, బంగారంలాంటి నూనెను పనిగట్టుకుని నల్లగా మాడ్చడం ఇక తన చేతులతో కాదని చెప్పింది.

వెనకే వచ్చిన శేషఫణి ఆవిడకంటే ఎక్కువ మండిపడ్డాడు. ఆకాశం తగలబడుతుంటే ఈవిడకు పోపు గొడవేమిటన్నాడు. రేపు సన్మానం చేయడానికి వచ్చే కంపెనీ వాళ్ళకు ఖాళీ డ్రమ్ములు చూపించి తలెక్కడ పెట్టుకోవాలన్నాడు.

గురువు లేచి శేషఫణి గదిలోకి వెళ్ళాడు. సన్మానానికని కొన్న పట్టుపంచె, ఇంకా మడత విప్పనిది, దండెం మీద ఉంది. దాన్ని తెచ్చి గడప ముందు రాతికేసి బరబరా రుద్దడం మొదలుపెట్టాడు. జరీ లేచిపోయింది. అంచు పీలికలైంది.

"స్వామీ, అది కొత్తది," అన్నాడు శేషఫణి.

"తెలుసు నాయనా. చలికి వణికేవాళ్ళకు పాతబట్టలు ఇస్తానని మాట ఇచ్చాను. మన దగ్గర పాతవి చాలలేదు."

ఇంకాసేపు రుద్ది, అలసిపోయినవాడిలా ఆగి, రెండో అంచు శేషఫణి వైపు చాచాడు.

"నా చేతులు నొప్పెడుతున్నాయి. ఇది నువ్వు రుద్దు."

శేషఫణి పంచె అందుకోలేదు. మాణిక్యమ్మ ముఖంలోకి చూడకుండా వంటశాలలోకి వెళ్ళాడు.

కాసేపటికి, నీళ్ళు పడిన నిప్పులు చుయ్యిమనడం వినిపించింది.