దివిటీ పట్టిన చెయ్యి

పూర్వం, పొద్దు గుంకిన తరువాతనే అసలు తెల్లవారే నగరం ఒకటి కళింగసీమలో ఉండేది. దాని పేరు మణిదుర్గం. పగలంతా మగ్గాల ముందు, కుమ్మరి సారెల ముందు, చాకిరేవు బండల మీద నడుము వంచిన జనం దీపాలు పెట్టే వేళకు కాళ్ళూ చేతులూ కడుక్కుని, ఉన్నవాటిలో మంచి బట్ట కట్టుకుని, ఏటి ఒడ్డున ఉన్న రేవుపేటకు చేరేవారు. అక్కడ వీధి పొడవునా గాజుల మలారాలు, పూలబుట్టలు, పొగలు కక్కే గారెల మూకుళ్ళు ఉండేవి. ఒక మూల చెక్కభజన సాగుతుంటే ఇంకో మూల తోలుబొమ్మల తెర లేచేది, నడివీధిలో భాగోతుల మద్దెల మోగేది. కడుపు నిండినవాడికి రాత్రి అంటే పరుపు. పరాయివాడి పనికి పగలంతా ధారపోసినవాడికి మాత్రం తన కోసం తాను బతికే నాలుగు గడియలు ఆ రాత్రే. ఈ సంగతి తెలియనివాడికి ఈ స్థలమహిమ ఎన్నిసార్లు చెప్పినా చెవికెక్కదు.

ఆ నగరాన్ని ఏలిన నీలకేతన మహారాజుకు ఈ సంగతి బాగా తెలుసు. ఆయన కోటలో సింహాసనం మీద కూర్చున్నప్పటికంటె రేవుపేటలో ఈతాకుల చాప మీద కూర్చుని తొడ మీద తాళం వేసినప్పుడే రాజులా ఉండేవాడని జనం చెప్పుకునేవారు. ఫాల్గుణ అమావాస్య నాడు రేవులమ్మ జాతర. ఆ తల్లికి గుడి లేదు, విగ్రహం లేదు. ఏటేటా పసుపు రాసిన కొత్త ఘటంలో ఆమెను పిలుచుకుని, తెల్లవారేదాకా ఆటపాటలతో కొలిచి, ఘటాన్ని ఏట్లో కలిపేవారు. ఒక ఏడు ఆ జాతర రాత్రి రాజు చాప మీద కూర్చుని నవ్వుతూ ఉండగా, కోటలో జ్వరంతో ఉన్న రాణికి ప్రాణం మీదికి వచ్చింది. కబురు మోసుకుని బయలుదేరిన మనిషి ఆ చీకట్లో, ఆ జనంలో, దారి దొరకక రెండు గడియలు కొట్టుకుని, చివరికి రాజును చేరేసరికి రాణి కన్నుమూసింది. ఆఖరి మాటగా ఆయన పేరే పిలిచిందట.

ఆ మర్నాడే శాసనం వెలువడింది. పొద్దు గుంకి నగారా మోగిన తరువాత గడప బయట దీపం వెలగరాదు, మద్దెల మోగరాదు. దివిటీ పట్టిన చెయ్యి ఎవరిదైనా సరే, మణికట్టు దగ్గర నరికివేయబడును. రాజు ఏడ్చాడు, బాగుంది. ఆయన ఏడిస్తే ఊరంతా చీకట్లో కూర్చోవలసి వచ్చింది. మూడేళ్ళు గడిచేసరికి గాజులవాళ్ళు వలసపోయారు, బొమ్మలవాళ్ళు బొమ్మల్ని మూటగట్టుకుని పక్క రాజ్యానికి పోయారు, గారెల మూకుళ్ళకు తుప్పు పట్టింది. మణిదుర్గంలో జనం ఉన్నారు గాని ఊరు లేదు.

ఆ రేవుపేటలోనే తవిటమ్మ అనే చాకలి ఇల్లాలు ఉండేది. పగలు రేవులో బట్టలుతకడం, రాత్రి ఆట దగ్గర దివిటీ పట్టడం ఆ ఇంటికి తరతరాల పని. మగడు దాలయ్య పోయిన తరువాత దివిటీ ఆమె చేతికి వచ్చింది. కొత్త కోడలుగా ఉన్నప్పుడే అత్త ఆమెకు పని నేర్పింది. దివిటీ పట్టేవాళ్ళు ఆట చూడరాదు. చూస్తే ఒళ్ళు మరిచి వెలుగు దారి తప్పుతుంది. చెవులు రిక్కించి ఉండాలి. మాట ఎటు నుంచి వస్తే వెలుగు అటు పోవాలి, మాట పలికే మనిషి ముఖానికి జానెడు దూరంలో నిలవాలి. ముప్పై ఏళ్ళు అలా పట్టి పట్టి తవిటమ్మ చెయ్యి ఆమె ప్రమేయం లేకుండానే మాట వెంట పోయేది. శాసనం వచ్చిన తరువాత ఆ చేతికి పని లేకుండా పోయింది. నిద్రలో కూడా పక్కింట్లో ఎవరైనా గట్టిగా మాట్లాడితే ఆ చెయ్యి అటు లేచేదని ఇరుగుపొరుగు నవ్వేవారు.

మూడో ఏటి ఫాల్గుణ అమావాస్య నాటి పగలు, భాగోతుల గురువు సిమ్మయ్య ఆమె గడప ముందుకు వచ్చి నిలబడ్డాడు. తమ మేళం తెల్లవారగానే ఊరు విడిచి పోతున్నదనీ, ముత్తాతల నాటి నుంచి ఏటా అమ్మవారి ముందు ఆడిన ఆటను మూడేళ్ళుగా బాకీ పెట్టామనీ, పోయేముందు ఆ ఒక్క ఆట ఆడి మొక్కు తీర్చుకుంటామనీ, దివిటీ లేనిదే ఆట లేదనీ చెప్పాడు. అడగడానికి ఆయనకు నోరు రాక తల దించుకున్నాడు. ఆమెకున్నది రెండు చేతులు. అందులో కుడిచెయ్యి పోతే రేవులో పని పోతుంది, పని పోతే పొయ్యి ఆరుతుంది.

తవిటమ్మ తన చేతిని తిప్పి చూసుకుంది. తరువాత, "ఉండి ఏం చేస్తోంది ఈ చెయ్యి, మూడేళ్ళుగా ఈగలు తోలుకోవడం తప్ప. పద గురువా," అంది.

ఆ రాత్రి వాళ్ళు ఆడిన ఆట చంద్రుణ్ణి చెరపట్టిన రాజు కథ. ఆ మేళంలో ఈ ఆటకు ఒక కట్టుబాటు ఉంది. చంద్రుడికి వేరే వేషం లేదు, దివిటీయే చంద్రుడు. ఆట సాగినంతసేపూ దివిటీని తల దాటి ఎత్తరు. చివరి ఘట్టంలో రాజువేషం కట్టినవాడు మనసు మారి, దివిటీని తన చేత్తో అందుకుని తలపైకి ఎత్తితే చంద్రుడు విడుదలైనట్టు. అయితే రాజువేషం కట్టే బంగారయ్య ఆ సాయంత్రమే భయపడి, కిరీటంతో సహా పారిపోయాడు. మద్దెల వాయిస్తూనే ఆ వేషం కూడా తానే నడిపిస్తానని సిమ్మయ్య అన్నాడు.

పిల్లిలా అడుగులేసుకుంటూ వచ్చిన జనంతో నిమిషాల్లో వీధి నిండిపోయింది. మూడేళ్ళ తరువాత మద్దెల మీద మొదటి దెబ్బ పడేసరికి ముసలాళ్ళ మోకాళ్ళు కూడా ఊగాయి. ఎవరో దాచుకున్న మువ్వలు తెచ్చారు, ఎవరో కొంగులో శనగలు తెచ్చారు. దొంగచాటు పండుగకు ఉండే రుచి వేరు. ముందు వరుసలో, తవిటమ్మ కాళ్ళ దగ్గర, ఒక ముసలమ్మ సొరకాయబుర్ర ఒళ్ళో పెట్టుకుని చాప నిండా కూర్చుంది. ఆమె పై వీధి మనిషని కింది వీధివాళ్ళు, కింది వీధి మనిషని పై వీధివాళ్ళు అనుకున్నారు.

శాసనం ఎలా అమలవుతున్నదో చూడడానికి ప్రతి రాత్రీ గొంగడి కప్పుకుని ఒంటరిగా తిరగడం నీలకేతనుడికి అలవాటు. ఏటి గట్టున పోతూ ఆయన మద్దెల విన్నాడు. విన్న వెంటనే వేళ్ళు తొడ మీద తాళం వేశాయి, అందుకే ఆయనకు మరింత కోపం వచ్చింది. జనం వెనక్కి వచ్చి నిలబడేసరికి ఆటలో మేళమంతా కలిసి, 'ఏలికా ఎక్కడున్నావు, ఒక్కసారి కనబడు' అని రాజువేషాన్ని పిలుస్తున్నది. సరిగ్గా అప్పుడే వెనకనుంచి ఉరుములాంటి గొంతు లేచింది.

"ఆపండి. ఎవరి ఆజ్ఞతో ఆడుతున్నారు మీరు?"

తవిటమ్మ ఆలోచించలేదు. మాట ఎటు వచ్చిందో చెయ్యి అటు పోయింది, చేతి వెంట కాళ్ళు పోయాయి. జనం దారి ఇచ్చారు. గొంగడి మనిషి ముఖానికి జానెడు దూరంలో దివిటీ నిలిచింది. వీధి వీధంతా ఈలలు వేసింది.

"వచ్చాడొచ్చాడు మారాజు. కిరీటమేదిరా?" అని ఒకడు కేక వేశాడు.

"బంగారయ్య ఎత్తుకుపోయాడు. పాపం గొంగడితోనే వచ్చాడు, రానీ," అని ఇంకొకడు.

ముసలమ్మ శనగలు నములుతూ తీర్పు చెప్పింది. "గొంతు బాగుంది. నడకే ఇంకా రావాలి."

చేతులన్నీ కలిసి ఆయన్ను రంగం మధ్యకు నెట్టాయి. నేను మీ రాజును అని ఆయన గద్దించాడు. అవును మారాజా అని జనం చప్పట్లు కొట్టారు. శిరచ్ఛేదం చేయిస్తానన్నాడు. వేషం పండుతున్నదని మద్దెల ఇంకో కాలం ఎక్కింది. దుఃఖంతో చిక్కి గడ్డం పెరిగిన ఆ ముఖాన్ని ఆ గోలలో గుర్తుపట్టినది ఒక్క తవిటమ్మే. మూడేళ్ళ కిందట ముందు చాప మీద నవ్వుతూ ఉండగా ఎన్ని రాత్రులు ఆ ముఖం మీద తన దివిటీ వెలుగు పడలేదు! దివిటీలో నూనె అయిపోవచ్చింది. వెలుగు పోతే ఈ చీకట్లో ఆయనా తప్పుకుంటాడు, తన చెయ్యీ దక్కుతుంది. నూనె అయిపోతే బాగుండునని ఆమె బతుకులో మొదటిసారి కోరుకుంది.

ముసలమ్మ లేచి, సొరకాయబుర్ర వంచి దివిటీ మీద నూనె పోసింది. "ఏటే గుంటా, సెయ్యి దించుతన్నావు? ఆ బాబు ఇంకా సెప్పాల్సిన మాటుంది," అంది.

తవిటమ్మ చెయ్యి నిలబెట్టింది. సిమ్మయ్య మద్దెల ఆపి, ఆటలో ఉన్న ప్రశ్నే అడిగాడు. ఏలికా, చంద్రుడు చేసిన నేరమేమిటి? మేళం అడిగింది. జనమంతా గొంతు కలిపి అడిగారు. మూడోసారి అడిగేసరికి నీలకేతనుడిలో కోపం తెగి, దాని అడుగున ఉన్నది పైకి వచ్చింది.

"ఈ వెలుగులో నేను నవ్వుతూ కూర్చున్నాను. అక్కడ ఆమె నన్ను పిలిచింది. నాకు వినబడలేదు," అన్నాడు.

వేషం కాదని అప్పటికి అందరికీ తెలిసింది. పారిపోవలసినవాళ్ళు పారిపోలేదు. రాజు ఏడుస్తున్నాడు, ఆయన్ను ఒంటరిగా వదిలి ఎలా పోతారు? దివిటీ పట్టేవాళ్ళు రంగంలో నోరు విప్పరాదన్నది కూడా అత్త నేర్పిన కట్టుబాటే. దాన్ని తవిటమ్మ ఆ రాత్రి తప్పింది.

"బాబూ, ఆ కబురు తెచ్చినవాడు చీకట్లో దారి దొరక్క తిరిగాడు. దివిటీలన్నీ మేము ఆట దగ్గరే పెట్టుకున్నాం. కోట దారిలో ఒక్కటి నిలబెట్టి ఉంటే అమ్మగారి మాట మీకు అందేది. అది మా తప్పు. దానికి ఇంకా చీకటి పెంచితే ఎలాగ? చంద్రుణ్ణి వదిలెయ్యండి," అని దివిటీ ఆయన వైపు చాచింది.

రాజు దాన్ని అందుకుని తలపైకి ఎత్తాడు. మద్దెలలు ఒక్కసారిగా విరుచుకుపడ్డాయి. ఏటి అవతలి గట్టు దాకా వెలుగు పోయింది.

ఆ వెలుగు చూసే తలారి గంగులు కత్తి దూసుకుని, జనాన్ని చీల్చుకుని దూసుకువచ్చాడు. పైన మంట, కింద చెయ్యి తప్ప అతనికి ఇంకేమీ కనబడలేదు. ఆ మణికట్టును ఒడిసిపట్టుకుని, దొరికింది చెయ్యి, పట్టండి అని అరిచాడు. అప్పుడు ముఖం చూశాడు. చూసి కూడా, భయంతో వేళ్ళు బిగుసుకుపోయి, వదలలేకపోయాడు.

నీలకేతనుడు నవ్వాడు. మూడేళ్ళకు నవ్వాడు. "గట్టిగానే పట్టుకో గంగులూ. శాసనం నాదే, చెయ్యీ నాదే. ఇప్పుడేం చేద్దామంటావు?"

వీధంతా పగలబడి నవ్వింది. గంగులు కూడా ఏడుస్తూనే నవ్వాడు. ఇక ఆ రాత్రి రేవుపేటలో జరిగిన ఆట ఇంత అంత అని చెప్పతరం కాదు. తుప్పు పట్టిన మూకుళ్ళు పొయ్యెక్కాయి, దాచిన తప్పెట్లు అటకల మీద నుంచి దిగాయి, రాజు చాప మీద కూర్చుని తొడ ఎర్రబడేదాకా తాళం వేశాడు. తవిటమ్మ అత్త మాట రెండోసారి తప్పి, ముప్పై ఏళ్ళలో మొదటిసారి ఆట చూసింది. ఇంత బాగుంటుందా అని ఆశ్చర్యపోయింది.

తెల్లవారింది. దివిటీ ఇంకా వెలుగుతూనే ఉంది. అప్పుడు తవిటమ్మకు తట్టింది, ఒక్క సొరకాయబుర్ర నూనెతో ఒక రాత్రి గడవడం ఎక్కడైనా ఉందా అని. ముసలమ్మ కోసం తిరిగి చూస్తే చాప ఖాళీగా ఉంది. పై వీధివాళ్ళను అడిగితే కింది వీధి మనిషి కదా అన్నారు. కింది వీధివాళ్ళు పై వీధి మనిషి కదా అన్నారు. మళ్ళీ చాప వైపు చూస్తే, దాన్ని చీల్చుకుని, నిన్నటిదాకా అక్కడ లేని నల్లటి రాయి ఒకటి భూమిలోంచి మోకాలెత్తు లేచి ఉంది. దాని నెత్తిన నూనె ఊరుతున్నది. పక్కన నాలుగు శనగపొట్టులు. మూడేళ్ళు ఆట లేక ఆకలిగొన్న రేవులమ్మ తానే ఆటకు వచ్చి కూర్చుందని ఊరు గ్రహించింది. రాజు శాసనాన్ని ఏట్లో కలిపి, రాయి చుట్టూ గుడి కట్టించాడు. మేళం మూటలు విప్పుకుంది. అమ్మకు దివిటీలమ్మ అనీ, పేటకు జాగారపేట అనీ పేర్లు నిలిచాయి.

ఈనాడు ఆ పేటలో కరెంటు దీపాల తోరణాలున్నాయి, మైకులున్నాయి. భాగోతం పక్కనే కుర్రకారు డాన్సులూ, పాటకచేరీలూ, తెల్లవార్లూ బజ్జీల బండ్లూ ఉన్నాయి. అయినా ఫాల్గుణ అమావాస్య రాత్రి ఆ ఊరి పెద్ద అధికారి ఎవరైనా సరే, చెప్పులు విడిచి వచ్చి తవిటమ్మ వంశంవారి చేతి నుంచి దివిటీ అందుకుని ఎత్తవలసిందే. గంగులు వంశంవాడు వచ్చి ఆ మణికట్టు పట్టుకోవలసిందే, జనం నవ్వవలసిందే. ఆ రాత్రి ఎంత తొక్కిసలాట అయినా ఆసుపత్రికి పోయే దారి ఒక్కటి ఖాళీగా వదిలి, దాని మొదట్లో ఒక దివిటీ నిలబెడతారు. గుడిలోని నూనెరాయి మీద అరచెయ్యి పెడితే చలికాలంలో కూడా వెచ్చగా తగులుతుంది.

ఇంకొక ఆచారం ఏ రాతి మీదా చెక్కలేదు గాని అందరికీ తెలుసు. జాగారపేటలో ఎక్కడ ఆట జరిగినా ముందు వరుసలో ఒక చాప ఖాళీగా పరుస్తారు. దాని మీద ఎవరైనా తెలియని ముసలమ్మ వచ్చి కూర్చుంటే, ఎవరింటి దానివని అడగరు. చేతిలో గుప్పెడు శనగలు పెట్టి, ఆట మొదలుపెడతారు.