కళ్ళు మూసుకోండి మంత్రిగారూ

అనగనగా ఓ రాజ్యంలో అడవిదారిన ఉప్పు మోసేవాళ్ళకి నడుంలో కత్తి దాచుకునే అనుమతి ఉండేదిరా. షరతు ఒక్కటే, ఆ కత్తి ఎవరి కంటా పడకూడదు. కొత్త మంత్రొచ్చి "వీళ్ళతో ప్రమాదం" అంటూ రద్దు చేయబోయాడు. కత్తి లేకపోతే దారిదొంగలు బతకనిస్తారా? ఉప్పు మోసే ఓబులేసు ముప్పైమందిని వెంటేసుకుని సభకెళ్ళి మొరపెట్టుకున్నాడు.

"ముందు కత్తులు కింద పెట్టండ్రా!" అని అరిచాడు మంత్రి.

"మీరు చూస్తే షరతు తప్పినట్టే కదా దొరా! అందరూ కళ్ళు మూసుకోండి, పెట్టేస్తాం" అన్నాడు ఓబులేసు.

నిజమే కదా అని రాజుతో సహా అందరూ మూసుకున్నారు. తెరిచేసరికి కత్తులన్నీ నేలమీదే, పైన తువ్వాళ్ళు కప్పి ఉన్నాయి.

"ఇందాక మీ కళ్ళు మూసుంటే కత్తులు మా చేతుల్లో ఉన్నాయి దొరా. ఎవరికైనా గీత పడిందా?"

మంత్రి మెడ తడుముకున్నాడు. రాజు పడీపడీ నవ్వి అనుమతి అలాగే ఉంచేశాడు.