కిటికీ ఎత్తు

సామర్లకోటలో పేరిందేవి టీచరుగారి దగ్గర బొమ్మలు నేర్చుకున్న వాళ్ళందరికీ ఆవిడ అలవాటొకటి తెలుసు. పెద్ద ప్రశ్న ఏదైనా అడిగితే ఆవిడ జవాబు చెప్పరు, తోడు రమ్మంటారు.

ఆ వేసవిలో లిఖిత అడిగింది పెద్ద ప్రశ్నే. ప్రవేశ పరీక్షలో మంచి ర్యాంకు వచ్చింది. యూనివర్సిటీలో ఆర్కిటెక్చర్ సీటు దొరుకుతుంది. చేరేదీ మానేదీ ఆ వారంలోనే తేల్చుకోవాలి. వాళ్ళ నాన్న కంప్యూటర్లు చదివితే మేలన్నాడు గాని, చివరికి నీ ఇష్టమేనన్నాడు. ఆ పిల్లకు అదే మరీ కష్టమైంది.

"నాకు ఇళ్ళ బొమ్మలు వెయ్యడం ఇష్టం టీచర్. ఆ చదువుకి ఆ ఇష్టం సరిపోతుందా? అన్నేళ్ళు చదివాక ఇది నా పని కాదనిపిస్తే?"

టీచరుగారు చెప్పులు వేసుకున్నారు. "మా అక్కను చూసి రావాలి, నువ్వూ రా. కాగితాలు, పెన్సిలూ తెచ్చుకో."

అక్కగారు సీతారత్నం. తుంటి ఎముక విరిగి ఆపరేషనైతే, ఆవిడను ఆసుపత్రి నుంచి నేరుగా కొడుకు కొత్తగా అద్దెకు దిగిన ఇంటికి తెచ్చి పక్క గదిలో పడుకోబెట్టారు. నలుగురితో మాట్లాడనిదే పొద్దుపోని మనిషి, ఇప్పుడు అన్నం కూడా సరిగా తినడం లేదని కోడలు విమల దిగులుగా చెప్పింది. టీచరుగారు లిఖితను ఆ గది బొమ్మ వెయ్యమని, తాను అక్కకు తల దువ్వుతూ కూర్చున్నారు.

లిఖిత గుమ్మంలో నిలబడి శ్రద్ధగా వేసింది. మంచం, గోడ, కిటికీ, ఆ కిటికీలోంచి కనిపించే వీధి, వీధిలో కూరల బండి. సీతారత్నంగారు కాగితం అందుకుని చాలాసేపు చూశారు.

"ఎంత బాగా వేశావమ్మా. అయితే ఈ కిటికీలోంచి వీధి కనిపిస్తుందా?"

ఆ మాటలో నిష్ఠూరం లేదు. తెలియకే అడిగారు. లిఖిత కిటికీ వంక చూసింది, మంచం వంక చూసింది. తరవాత మెల్లగా వెళ్ళి ఆవిడ పక్కనే, అదే తలగడ మీద తల ఆన్చి పడుకుంది. అక్కణ్ణుంచి ఒక కరెంటు తీగ, కాస్త ఆకాశం తప్ప ఏమీ కనిపించలేదు.

లేచి, "విమలక్కా, మంచం ముందుగదిలోకి మారుద్దామా?" అంది.

విమల తటపటాయించింది. "వచ్చేపోయేవాళ్ళు ఉంటారు. గుమ్మంలోనే మంచమంటే చూడ్డానికి ఏం బావుంటుంది?"

"వచ్చేది మామ్మగారిని చూడ్డానికే కదక్కా."

పెద్దావిడను జాగ్రత్తగా కుర్చీలో కూర్చోబెట్టి మంచం జరిపారు. ఒక గోడకు వేస్తే తలుపు పూర్తిగా తెరుచుకోలేదు. ఇంకో గోడకు వేస్తే ఎండ కళ్ళలో పడింది. జరిపిన ప్రతిసారీ లిఖిత ముందు తాను పడుకుని చూసింది, లేచి బాత్రూం దాకా నడిచి చూసింది. చివరికి తలుపుకి ఏటవాలుగా వేశాక, "ఇప్పుడు రండి మామ్మగారూ" అంది.

సాయంత్రం కూరల బండి గుమ్మం ముందు ఆగింది. సీతారత్నంగారు పడుకునే, "ఏమయ్యా, ఆ బెండకాయలు ముదిరినట్టున్నాయే?" అన్నారు. బండివాడు ఒక కాయ కొస విరిచి చూపించాడు. ఆవిడ ఒప్పుకోలేదు. ఇంకోటి విరవమన్నారు. బేరం అలా సాగుతూనే ఉంది. అది తేలాక, రాత్రికి వేపుడు చెయ్యమని కోడలికి చెప్పారు. విమల కళ్ళు తుడుచుకుంటూ వంటింట్లోకి వెళ్ళింది.

తిరిగి వస్తూంటే దారిలో లిఖిత అంది: "నా ప్రశ్నకు మీరేం చెప్పలేదు టీచర్."

టీచరుగారు ఆ పిల్ల జుట్టుకు అంటుకున్న దూదిపింజను తీసేశారు.

"బొమ్మ వెయ్యమని నేను చెప్పాను. పడుకుని చూడమని నీకెవరు చెప్పారమ్మా?"